ఆటకూ ఒక గడువు

వాణిజ్యశాస్త్రం చదివి, ముప్పై ఏళ్లుగా బ్యాంకులో లెక్కలు చూసుకుంటున్న నాలాంటి వాడికి గడువు అనే మాట కొత్త కాదు. డిపాజిట్టుకు గడువుంది. చెక్కుకు 2012 ఏప్రిల్ నుంచి మూడు నెలలే గడువు. కాని సెల్‌ఫోనులో ఆడుకునే ఆటకు కూడా గడువుంటుందనీ, దాన్ని ఎవరూ కాగితం మీద రాసివ్వరనీ మా పెద్దమ్మ మూలంగా తెలిసింది.

మాది బొమ్మిడి. సేలం - జోలార్‌పేట రైలుమార్గంలో, సేర్వరాయన్ కొండల దగ్గర ఉంటుంది. చుట్టుపక్కల పాపిరెడ్డిపట్టి, బుద్దిరెడ్డిపట్టి. ఊళ్ల పేర్లలో రెడ్లు నిలిచారు గాని, ఇళ్లలో తెలుగు పెద్దవాళ్ల నోటనే మిగిలింది. పెద్దమ్మకు డెబ్భై ఎనిమిదేళ్లు. మునిమనవరాలు బెంగుళూరులో ఇంగ్లీషు బడిలో చదువుతోంది. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇద్దరూ ఫోనులో లూడో మొదలుపెట్టారు. పెద్దమ్మకు ఎవరూ నేర్పనక్కరలేకపోయింది. గవ్వలు వేసి దాయం ఆడి పెరిగిన మనిషి ఆమె. రోజూ సాయంత్రం ఒక ఫోనులో ఆట, ఇంకో ఫోనులో మాట. "ఆరు పడింది అవ్వా, నీ కాయ కొట్టేశా!" అని ఆ పిల్ల, "తొండి ఆడొద్దు!" అని ఈమె. ఒకటి నుంచి ఆరు దాకా అంకెలూ, అలగడం, బతిమాలడం, ఎగతాళి చెయ్యడం, ఆ పిల్లకు తెలుగులో వచ్చినవన్నీ ఈ ఆటలో వచ్చినవే.

కిందటి నెల ఒకనాడు ఆట తెరుచుకోలేదు. కొత్త వెర్షన్ వేసుకోమంది. వేసుకోబోతే ఈ ఫోనుకు కుదరదంది. "ఏమబ్బయ్యా, ఫోను చెడిపోయిందా, నా కండ్లు చెడిపోయినాయా?" అని పెద్దమ్మ అడిగింది. రెండూ కాదు.

ఇలాంటప్పుడు చూడవలసినవి మూడు. మొదటిది, సెట్టింగ్స్‌లో 'ఎబౌట్ ఫోన్' అనే చోట ఆండ్రాయిడ్ వెర్షన్ ఎంతో ఉంటుంది. పెద్దమ్మ ఫోను 2016లో కొన్నది. అందులో ఉన్నది 2015లో వచ్చిన ఆరో వెర్షన్. రెండవది, ప్లే స్టోర్‌లో ఆ ఆట వివరాలు తెరిస్తే కనీసం ఏ వెర్షన్ కావాలో రాసి ఉంటుంది. అక్కడ ఏడు అని ఉంది. మూడవది, ఫోనుకు కొత్త అప్‌డేట్ వచ్చిందేమో చూడాలి. రాలేదు, ఇక రాదు కూడా. ఆరుకూ ఏడుకూ మధ్య ఆట ఆగిపోయింది.

నాకు మా బ్యాంకు కార్డులు గుర్తుకొచ్చాయి. 2018 డిసెంబరు 31 లోగా పాత అయస్కాంత పట్టీ కార్డుల స్థానంలో చిప్పు కార్డులు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. పాత కార్డు విరగలేదు, ఖాతాలో సొమ్ము తరగలేదు, అయినా దాని కాలం తీరింది. ఫోనుల లోకంలోనూ ఇదే వరస. 2017లో ఐఫోనుల పదకొండో వెర్షన్ రాగానే 32 బిట్ల పాత ఆటలన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. 2013 నాటి కిట్‌క్యాట్ వెర్షన్‌కు తన ప్లే సేవలు నిలిపివేస్తున్నట్టు 2023లో గూగుల్ ప్రకటించింది. తయారుచేసేవారి వైపు కూడా న్యాయం ఉంది. ప్రతి పాత వెర్షన్ మీదా ఆటను పరీక్షించి చూడాలంటే ఖర్చు; పాతవాటిలో బయటపడిన లొసుగులు పూడ్చేవారు ఉండరు.

పక్కింటి కుర్రవాడు పాత ఆట ఫైలు ఎక్కడినుంచో దించి వేస్తానన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ ఫోనులోనే పెద్దమ్మ పింఛను ఖాతా ఉంది. ఊరూ పేరూ తెలియని ఏపీకే ఫైలు వేసుకుని ఖాతా ఖాళీ చేసుకున్నవాళ్లు మా కౌంటరు ముందు నిలబడి ఏడవడం నేను చూశాను. ఆట కోసం తాళంచెవి పరాయివాడి చేతికి ఇవ్వలేం.

చివరికి కొత్త ఫోను కొనక తప్పలేదు. ఇది ఎన్నేళ్లు పనిచేస్తుందని పెద్దమ్మ అడిగింది. 2023లో పిక్సెల్ 8కి గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ ఏడేళ్లపాటు అప్‌డేట్లు ఇస్తామని మాట ఇచ్చాయి. అవి ఖరీదైనవి. మేము కొన్నది చవకరకం; దానికి నాలుగేళ్లని అంగడివాడు చెప్పాడు. పెద్దమ్మ కాసేపు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "నాలుగేండ్లు చాలు నాయనా. అప్పటికి దానికి తెలుగు మరిచిపోలేనంతగా వస్తుంది" అంది.

ఆమె తన వయసు లెక్కపెట్టుకుంటోందని నేననుకున్నాను.

మనం ఫోను కొనేటప్పుడు కెమెరా గురించి అడుగుతాం, బ్యాటరీ గురించి అడుగుతాం. డిపాజిట్టుకు గడువు అడిగినట్టే, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో కూడా ఒక మాట అడగండి. ముఖ్యంగా ఇంట్లో పెద్దలకు కొనేటప్పుడు. బయటి ఊళ్లలో పెరిగే మన పిల్లలకు తెలుగు వినిపించేది ఇవాళ చాలా ఇళ్లలో ఆ ఫోనొక్కటే.