మంచులో ఏడు గంటలు

నేను పుట్టి పెరిగింది గుడివాడ దగ్గర ఒక పల్లెటూళ్ళో. మా ఊళ్ళో చలి అంటే, ధనుర్మాసంలో తెల్లవారుజామున దుప్పటి ముసుగుతన్ని ఇంకాస్సేపు పడుకోవటమూ, సీసాలో కొబ్బరినూనె పేరుకుంటే దాన్ని ఎండలో పెట్టటమూ, అంతే. అటువంటి నేను 2013లో ఉద్యోగం మూలాన భార్యనూ, తొమ్మిదేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని అమెరికాలో ఫార్గో అనే ఊరు చేరాను. అది ఉత్తర డకోటా రాష్ట్రంలో, రెడ్ రివర్ అనే నది ఒడ్డున ఉన్నది. అక్కడి నేల మన కృష్ణా డెల్టా లాగే అరచెయ్యిలా చదునుగా ఉంటుంది. వేల ఏళ్ళ క్రితం అక్కడొక బ్రహ్మాండమైన సరస్సు ఉండేది. ఆ నీరంతా పోగా మిగిలిన అడుగే ఈ నేల. గాలికి అడ్డుపడే కొండ లేదు, అడవి లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరవాత దీనితో పని ఉన్నది.

చలికాలం రాగానే ఒక వింత చూశాను. మా పక్కింటి ముసలాయన రోజూ రాత్రిపూట కారు ముందుభాగం నుంచి ఒక తీగ లాగి గోడకున్న కరెంటు ప్లగ్గులో పెట్టేవాడు. కొట్టంలో గొడ్డుకు మేత వేసినంత శ్రద్ధగా చేసేవాడు ఆ పని. అడిగితే, ఇంజను వెచ్చగా ఉంచటానికన్నాడు. నేను నవ్వుకున్నాను. కాని అందులో నవ్వవలసిందేమీ లేదు. కారు బ్యాటరీలో కరెంటు పుట్టేది రసాయన చర్య వల్ల. చలిలో ఆ చర్య మందగిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ శక్తిలో సుమారు మూడో వంతు తగ్గిపోతుంది. సున్నకు 18 డిగ్రీలు కిందికి పోతే దాదాపు సగమే మిగులుతుంది. ఇటు ఇంజనులో నూనె, మన కొబ్బరినూనె లాగే, చిక్కబడుతుంది. అంటే ఇంజనును తిప్పటానికి ఎక్కువ బలం కావలసిన సమయానికే బ్యాటరీ బలం తగ్గుతుందన్న మాట!

"టాంకులో పెట్రోలు ఎన్నడూ సగానికి తగ్గనివ్వకు. కారులో ఒక పెట్టె సిద్ధంగా పెట్టుకో," అని కూడా చెప్పాడు ముసలాయన. నేను తల ఊపి ఊరుకున్నాను.

పెట్టె తయారుచేసింది మా అమ్మాయి. బడిలో టీచరు చెప్పిందట. రెండు కంబళ్ళు, ఉన్ని మేజోళ్ళు, టార్చి, ఈల, ఖాళీ కాఫీ డబ్బాలో కొవ్వొత్తులూ అగ్గిపెట్టే, నీళ్ళ సీసాలు, చాక్లెట్లు, ఒక చిన్న పార, ఒక సంచీడు ఇసక. చక్రాలు మంచులో జారితే కింద ఇసక చల్లాలిట. ఇవన్నీ సర్ది, మూతమీద తన చేత్తో "ముట్టుకోరాదు" అని తెలుగులో రాసింది.

2014 జనవరి చివర మినియాపొలిస్‌లో తెలుగువాళ్ళు సంక్రాంతి జరిపారు. మా ఊరికి సుమారు 380 కిలోమీటర్లు. శనివారం వెళ్ళాం. మా ఆవిడ పులిహోర చేసుకుపోయింది. పేరంటంలో ఆమెకు ఎర్రటి జాకెట్టు గుడ్డా, పసుపూ కుంకుమా ఇచ్చారు. తిరుగు ప్రయాణంలో ఒక స్నేహితుడు తాను వాడని గ్రైండరు మాకిచ్చాడు. అది కారులో పట్టలేదు. నేను మా అమ్మాయి చూడకుండా పెట్టెలోంచి పారా, ఇసక సంచీ తీసి స్నేహితుడింట పారేసి, ఆ చోట గ్రైండరు పెట్టాను.

దారిలో అలెగ్జాండ్రియా అనే ఊళ్ళో పెట్రోలు పోయించాం. అది కూడా మా ఆవిడ పోరు పడలేకనే. సగానికి పైగా ఉన్నది గదా అన్నాను నేను.

బార్న్స్‌విల్ దాటేసరికి సాయంకాలం నాలుగయింది. తల ఎత్తి చూస్తే ఆకాశం నీలంగా ఉన్నది. ఒక్క చినుకు మంచు కురవటం లేదు. కాని గాలి లేచింది. పడి ఉన్న మంచునంతా పిండిలాగా లేపి రోడ్డుమీదికి తోలసాగింది. నే నిందాక చెప్పిన చదును నేల మహిమ ఇదే. రెండు నిమిషాలలో కారు ముక్కు కూడా కనపడలేదు. మెల్లిగా పక్కకు తీశాననుకున్నాను. కారు జారి, రోడ్డు పక్క పల్లంలో మంచులో కూరుకుపోయింది.

అత్యవసరానికి ఫోను చేస్తే, రోడ్డు మూసేశారనీ, మంచు తోసే బళ్ళను కూడా వెనక్కు పిలిచారనీ, ఎట్టి పరిస్థితిలోనూ కారు విడిచి పోవద్దనీ చెప్పారు. బయట సున్నకు 20 డిగ్రీలు కింద ఉన్నది. నేను ఇంజను ఆపకుండా వేడిగాలి పెట్టి ధీమాగా కూర్చున్నాను.

"పొగగొట్టం చూశావా, నాన్నా? మంచు కప్పేస్తే ప్రమాదమని మా టీచరు చెప్పింది," అన్నది మా అమ్మాయి.

"పొగ దాని దారిన అది పోతుందిలే," అన్నాను.

అరగంట గడిచింది. మా ఆవిడ తల దిమ్ముగా ఉన్నదన్నది. అమ్మాయి ఆవలింతలు తీసి తీసి, తల్లి ఒళ్ళో వాలిపోయింది. ప్రయాణం బడలిక కాబోలు అనుకున్నాను. నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. అప్పుడు పిల్ల అన్నమాట జ్ఞాపకం వచ్చి గుండె ఝల్లుమన్నది. ఇంజను ఆపి, కిటికీలు దించి, పిల్లను కుదిపి లేపాను. లేవటానికి ఎంత సేపు పట్టిందో చెప్పలేను. నాకు మాత్రం ఒక యుగమయింది.

పెట్రోలు మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. అది ప్రాణవాయువుకన్న ఈ వాయువును 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగగొట్టం మూసుకుపోతే ఆ వాయువు కారు కింద చేరి లోపలికి ఎక్కుతుంది. మనిషికి నిద్ర వస్తున్నట్టే ఉంటుంది.

గొట్టం శుభ్రం చెయ్యాలి. పారేదీ? అమ్మాయి పెట్టె తెరిచి, నా మొహం వంక చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ గాలిలో పది అడుగులు దూరం పోతే కారు మళ్ళీ దొరకదు. మా ఆవిడ సంచీలోంచి ఆరు గజాల చీర తీసి, ఒక కొస తలుపు పిడికీ, రెండో కొస నా నడుముకూ ముడివేసింది. నేను తాంబాళమూ, అట్లకాడా పట్టుకుని దిగాను. కారు వెనకభాగం సగం వరకూ మంచులో పూడి ఉన్నది. తాంబాళంతో ఎత్తిపోసి, అట్లకాడతో గొట్టం మూతి తవ్వాను. వచ్చేటప్పుడు జాకెట్టు గుడ్డ యాంటెనాకు కట్టాను. పది నిమిషాల పనికి నా వేళ్ళు కర్రముక్కల్లా అయినాయి.

తరవాత మా అమ్మాయి పెత్తనం సాగింది. గంటకు పది నిమిషాలే ఇంజను. ప్రతిసారీ ముందు నేను దిగి గొట్టం చూసి రావాలి. గాలి తగలని వైపు కిటికీ రెండు వేళ్ళ సందు తెరిచి ఉండాలి. మిగతా సేపు ముగ్గురం రెండు కంబళ్ళలో ఒకే ముద్దగా కూర్చున్నాం. డబ్బాలో కొవ్వొత్తి వెలిగించాం. సీసాలలో నీళ్ళు గడ్డకట్టాయి. బయటి మంచు నోట్లో వేసుకోబోతే పిల్ల వారించింది. గ్రాము మంచు కరగటానికే 80 కాలరీల వేడి కావాలి. ఆ వేడి మన ఒంట్లోంచే పోతుంది. అందుకని ఒక సీసాను కంబళి లోపల పెట్టుకుని, కరిగినంత వరకు గుక్కెడేసి తాగాం. పండక్కి ఇచ్చిన అరిసెలు తిన్నాం. బెల్లమూ, నెయ్యీ కనక ఒంట్లో బాగా మండుతాయని మా ఆవిడ కొత్త శాస్త్రం చెప్పింది గాని, అది నిజమే.

రాత్రి పదకొండింటికి కిటికీ మీద ఎవరో తట్టారు. మంచు తోసే లారీ, దాని వెనక పోలీసు కారు. దీపం వెలుగులో మొదట తనకు కనిపించింది ఎర్రగుడ్డేనని పోలీసు అతను చెప్పాడు. అది ఏమిటని అడిగాడు. జాకెట్టు గుడ్డ సంగతి ఇంగ్లీషులో చెప్పటం మావల్ల కాలేదు.

పార స్నేహితుడింటే ఉండిపోయింది. నేను మర్నాడే కొత్తది కొన్నాను, కాస్త పెద్దది. మా అమ్మాయి దాన్ని పెట్టెలో తనే పెట్టుకుని, పెట్టెకు ఒక చిన్న తాళం వేసింది. గ్రైండరు రాయి ఆ చలికి ఎక్కడైనా బీటలు వేసిందేమోనని భయపడ్డాం గాని, దానికేమీ కాలేదు. ఆ సాయంత్రమే మినప్పప్పు నానబోశాం.