తాండూరు దుమ్ము పట్టిచ్చిన దొంగ

వికారాబాద్ దాటి తాండూరు రోడ్డెక్కితే మొదట తగిలేది అనంతగిరి. హైదరాబాద్ వాళ్లకు అదో వీకెండ్ స్పాట్. మూసీ పుట్టింది ఇక్కడే, అనంత పద్మనాభస్వామి గుడి ఇక్కడే, కాల్చిన మక్కకంకులు, సెల్ఫీలు అన్నీ ఇక్కడే. 1.3 లీటర్ల డీజిల్ కారు నడిపేవాళ్లకు మాత్రం ఈ గుట్ట ఒక పరీక్ష. ఘాట్ మలుపులో ముందు బండల లారీ పోతుంటుంది. థర్డ్ గేర్లో ఇంజిన్ 1500 ఆర్‌పీఎంకు పడిపోతుంది. యాక్సిలరేటర్ నొక్కినా కాసేపు ఏమీ జరగదు. 2000 దాటాక టర్బో లేస్తుంది, ఎవరో వెనక నుంచి తోసినట్టు బండి ముందుకు దూకుతుంది.

ఆ మధ్యలో పోయే రెండు సెకన్ల కోసమే మన కుర్రాళ్లు 'రీమ్యాప్' అంటూ తిరుగుతారు. మా బావ కూడా అదే మాట మీదున్నాడు.

బావది తాండూరు. కారు 2016 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 75 గుర్రాల బండి. లోపలున్నది ఫియాట్ వాళ్ల ఇంజినే. ఒకప్పుడు మారుతి, టాటా, ఫియాట్ కార్లలో కోకొల్లలుగా కనిపించేది. ఊళ్లో ఎవరికి ఒంట్లో బాగోలేకున్నా హైదరాబాద్ దవాఖానకు పోయేది ఆ కారే. అందుకే డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ లైటు వెలిగి, బండి గుట్ట ఎక్కనని మొరాయిస్తే ఇంట్లో అందరికీ గుబులు పట్టుకుంది. షోరూమ్‌లో కంప్యూటర్ పెట్టి చూసి, టర్బో మార్చాలని ఎస్టిమేట్ ఇచ్చారట. అదే వారం ఒక ట్యూనర్ ఫోన్లో, రూ.25 వేలు ఇస్తే లైటూ పోతుంది, పికప్పూ వస్తుంది అన్నాడు.

"ఏం చేద్దాం చెప్పు బామ్మర్దీ" అంటూ వికారాబాద్ స్టేషన్ బయట తాళాలు నా చేతిలో పెట్టాడు.

మీ కారులో స్టీరింగ్ కింద ఓసారి వంగి చూడండి. 16 పిన్నుల సాకెట్ ఒకటి కనిపిస్తుంది. దాని పేరు ఓబీడీ పోర్టు. మన దేశంలో 2013 నుంచి కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది. దానికి చిన్న బ్లూటూత్ అడాప్టర్ గుచ్చి, ఫోన్లో యాప్ తెరిస్తే ఇంజిన్ మనసులో మాట కొంత బయటపడుతుంది. అంతా కాదు. షోరూమ్ స్కానర్ కంపెనీ సొంత కోడ్లు కూడా చదువుతుంది, ఒక్కో వాల్వును కదిలించి పరీక్షిస్తుంది. అది మన బుల్లి అడాప్టర్ వల్ల అయ్యే పని కాదు.

మాకు కనిపించిన కోడ్ పీ0299. అంటే 'టర్బో అండర్‌బూస్ట్'. ఇంజిన్‌కు ఇంత గాలి రావాలని ఈసీయూ లెక్క వేసుకుంది, సెన్సర్ చూస్తే అంత రాలేదు. అందుకని ఇంజిన్‌కు దెబ్బ తగలకుండా డీజిల్ తగ్గించేసింది. గమనించండి, టర్బో పోయిందని కోడ్ ఎక్కడా అనలేదు. గాలి తక్కువైంది అంది, అంతే. జ్వరం ఉందని థర్మామీటర్ చెబుతుంది గానీ మలేరియానో డెంగీనో చెప్పదు కదా!

మరి రీమ్యాప్ చేసేదేంటి? ఈసీయూలో పెద్ద పెద్ద పట్టికలుంటాయి. ఒక పక్క ఆర్‌పీఎం, ఇంకో పక్క లోడు. ఒక్కో గడిలో ఎంత డీజిల్ కొట్టాలి, ఎంత ఒత్తిడితో, ఎంత బూస్ట్ అన్న అంకెలు. కంపెనీ ఆ అంకెలను అంచు దాకా తీసుకెళ్లదు. ఎండకు, కల్తీ డీజిల్‌కు, దుమ్ముకు కొంత జాగా వదులుతుంది. ట్యూనర్ అమ్మేది ఆ జాగానే. కొందరు ఈసీయూ జోలికి పోకుండా 'ట్యూనింగ్ బాక్స్' బిగిస్తారు. అది ఇంకా గమ్మత్తు. రైల్ ప్రెషర్ తక్కువుందని ఈసీయూకు అబద్ధం చెబుతుంది, అది నమ్మి ప్రెషర్ పెంచుతుంది.

"కంపెనీవాళ్లే ఇదే ఇంజిన్‌ను 90 గుర్రాలు చేసి అమ్మిన్రు కద, సాఫ్ట్‌వేరే గద మార్చింది?" అన్నాడు బావ. కాదు. ఆ 90 గుర్రాల ఇంజిన్‌కు టర్బోనే వేరు, రెక్కల కోణం మార్చుకునే వేరియబుల్ జామెట్రీ టర్బో. ఇదొక్కటి తెలిసినా సగం మంది జేబులు మిగులుతాయి.

ధారూరు దాటి, పెద్దేముల్ మీదుగా తాండూరు దగ్గర పడేకొద్దీ రోడ్డు రంగు మారుతుంది. పొలాల్లో కంది. 2022లో జీఐ గుర్తింపు వచ్చిన తాండూరు కందిపప్పు ఈ నేలదే. ఆ తర్వాత నాపరాతి గనులు, పాలిషింగ్ యూనిట్లు. మన ఇళ్లలో పరిచే నీలం, పసుపు బండల్లో చాలావరకు ఇక్కడివే. చెట్ల ఆకుల మీద, కరెంటు తీగల మీద, టీకొట్టు రేకు మీద తెల్లటి పొడి. రాళ్లు కోసేచోట పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయేదీ అదే. దాని ముందు కారు గొడవ ఎంతని!

బావకు తెలిసిన ఉస్తాద్ షెడ్డు లారీల మధ్యలో ఉంది. కోడ్ చూపించబోతే ఫోన్ వంక చూడనే లేదు. బానెట్ లేపి ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి నేల మీద కొట్టాడు. పిండి రాలినట్టు రాలింది. తర్వాత టార్చి పట్టుకుని టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు గొట్టం మీద వేలు పెట్టాడు.

"గిది జూడు. అంతట పొడి దుమ్మున్నది, గీడ మాత్రం తడిసి నల్లగ అంటుకున్నది. ఆయిల్ ఆవిరి కారుతున్నది ఈడికెల్లే. దుమ్మే దొంగను పట్టిచ్చింది!"

క్లిప్పు కింద బొటనవేలి గోరంత చీలిక. బూస్ట్ అంతా అక్కడే పోతోంది. దాని మీద రీమ్యాప్ చేసి ఉంటే? ఈసీయూ ఇంకా ఎక్కువ గాలి అడిగేది, టర్బో ఇంకా గట్టిగా తిరిగేది, చీలిక ఇంకా సాగేది. లైటు మాత్రం వెలిగేది కాదు. ఆ కోడ్‌ను మ్యాప్‌లోనే నోరు మూయించే ట్యూనర్లున్నారు మరి.

గొట్టం, ఫిల్టర్, పని కూలీ అన్నీ కలిపి రూ.3 వేలు దాటలేదు. రోడ్డు మీద టెస్టు చేస్తే అంతకుముందు 150 కిలోపాస్కల్స్ దగ్గర ఆగిపోయిన ప్రెషర్ 200 దాటింది. లైటు మళ్లీ రాలేదు.

ఇంకో సంగతి. వారంటీలో ఉన్న బండికి రీమ్యాప్ చేయించి, సర్వీసుకు ముందు పాత మ్యాప్ ఎక్కించేస్తే తెలియదనుకుంటారు కొందరు. చాలా ఈసీయూలు ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారో లెక్క దాచుకుంటాయి. ఫోన్ రూట్ చేసినట్టే, ఆనవాలు మిగులుతుంది. అనుమతి లేకుండా బండిని మార్చితే మోటారు వాహనాల చట్టం 182ఏ(4) కింద ఓనర్‌కు ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ. ఆ సంగతి ట్యూనర్ రసీదు మీద రాయడు.

డబ్బులిచ్చాక బావ నెమ్మదిగా అడిగాడు. "ఉస్తాద్, ఇప్పుడు బండి మంచిగైంది కద. ఇప్పుడు మ్యాప్ చేపిస్తే?"

ఉస్తాద్ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, "చేపియ్. టార్క్ పెరిగినంక క్లచ్ జారుతది. అది గూడ నా దగ్గరనే ఏపియ్" అన్నాడు.

బావ ఇంకో ఎయిర్ ఫిల్టర్ కొని డిక్కీలో పెట్టుకున్నాడు.