గుట్టకు కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కపెట్టాలి

పోయిన అక్టోబర్‌లో మా చిన్నమ్మ కొడుకు ఇటలీ నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టాడు. వాడు అక్కడ చదువుకుంటున్నాడు. ఆదివారం వస్తే చాలు, ఫ్రెండ్స్‌తో కలిసి ఏదో ఒక కొండ ఎక్కుతాడు. ఫొటోలో దట్టమైన అడవి, మధ్యలో ఒక స్తంభం, దానికి ఎరుపు తెలుపు బాణం బోర్డు. బోర్డు మీద కొండ పేరు, పక్కన రెండున్నర గంటలు అని ఉంది. కిలోమీటర్లు మాత్రం లేవు.

"దూరం రాయరేందిరా?" అని అడిగాను.

"దూరం తెలిస్తే ఏం లాభం అన్నా? ఎప్పటికి చేరతామో తెలియాలి గానీ" అన్నాడు.

అక్కడ 1863లోనే పర్వతారోహకుల క్లబ్ పుట్టింది. చెట్ల మీద, రాళ్ల మీద ఎరుపు తెలుపు రంగు గుర్తులు వేస్తారు. దారులకు అక్షరాలు కూడా పెడతారు. 'టి' అంటే ఎవరైనా నడిచే దారి. 'ఇ' అంటే మామూలు హైకర్‌కు సరిపోయేది. 'ఇఇ' అంటే బాగా అనుభవం ఉన్నవాళ్లకే. ఇదంతా వింటుంటే నాకు మన పాండవుల గుట్ట గుర్తొచ్చింది. దాంతో పాటే, రెండేళ్ల కింద ఒక ఏప్రిల్ మధ్యాహ్నం అక్కడ మేం చేసిన తెలివితక్కువ పని కూడా.

రెండు బాటిళ్లు, ముగ్గురు మనుషులు

అప్పుడు మేం ముగ్గురం, రెండు బైకులు. హనుమకొండలో టిఫిన్ తిని తీరిగ్గా బయలుదేరి, గుట్ట కిందికి చేరేసరికి పది దాటింది. చేతిలో రెండు లీటర్ బాటిళ్లు, ఒక చిప్స్ ప్యాకెట్. "ఇదేమన్నా హిమాలయమా?" అని నవ్వుకున్నాం.

హిమాలయం కాదు నిజమే. ఇంకా పాతది. హిమాలయాలు లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లే అయింది. ఇక్కడి ఇసుకరాయి అంతకంటే ఎంతో ముందటిది. పొరలు పొరలుగా పేర్చినట్టుండే ఆ బండలు ఎండకు కాగితే రొట్టె పెనంలా ఉంటాయని మాకప్పుడు తెలియదు. ఒంటిగంటకల్లా నీళ్లు అయిపోయాయి. మా ఫ్రెండ్ ఒకడు తల తిరుగుతోందని బండ నీడన కూర్చుని, లేవలేకపోయాడు. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. వాణ్ని చెరో భుజం పట్టుకుని కిందికి దించడానికి రెండు గంటలు పట్టింది. వాడు బాగయ్యాడు, ఇప్పుడు దాన్ని జోకులా చెప్తాడు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

అందుకే మొన్న నవంబర్‌లో మా బాపు "నన్ను కూడా ఒకసారి పాండవుల గుట్టకు తీస్కపో బిడ్డా" అన్నప్పుడు గుండె ఝల్లుమంది.

బాపు రిటైరై ఏడాది. కుడి మోకాలు నొప్పి. చిన్నప్పుడు వాళ్లమ్మ, అంటే మా నాయనమ్మ, పాండవులు అరణ్యవాసంలో ఆ గుట్టల్లోనే తలదాచుకున్నారని కథలు చెప్పేదట. నలభై ఏళ్లు పక్క ఊళ్లల్లోనే ఉద్యోగం చేసి కూడా చూడలేదు. ఇంకో సంగతి, బాపు అలసిపోతే చెప్పడు. చెప్పడం నామోషీ.

బాపు స్పీడ్ ఎంత?

గంటల లెక్క ఇటలీది ఒక్కటే కాదు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన ఒక సూత్రం చెప్పాడు. 5 కిలోమీటర్ల నడకకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. బాగానే ఉంది గానీ, అది చలిదేశంలో గట్టి కాళ్లున్నోళ్ల లెక్క. మన లెక్క మనమే కట్టుకోవాలి.

ఒక ఆదివారం పొద్దున్నే బాపును పద్మాక్షి గుట్టకు తీసుకెళ్లాను. దర్శనం పేరు, అసలు పని టెస్ట్. నేనొక్కణ్నే గబగబా ఎక్కితే 10 నిమిషాలు. బాపుతో 22 పట్టింది. దిగేటప్పుడు ఇంకా మెల్లగా, ప్రతి మెట్టుకూ కుడికాలు ముందు పెట్టి. అప్పుడు అర్థమైంది, ఎక్కడం కాదు, దిగడమే అసలు కష్టమని. నా టైమ్‌ను రెట్టింపు చేసి, గంటకు 10 నిమిషాల రెస్ట్ కలిపాను. దిగడానికి ఎక్కినంత టైమే పెట్టాను.

ఆ లెక్కతో వచ్చిన ప్లాన్ ఇది. ఇంట్లో 5:30కు బయలుదేరాలి. 7:45కు నడక మొదలు. ఎక్కడున్నా సరే 11:30కు వెనక్కి తిరగాలి. 2:30కు కారు దగ్గర. డిసెంబర్‌లో మన దగ్గర 5:40 ప్రాంతంలో పొద్దు గూకుతుంది కాబట్టి, ఏదైనా తేడా వచ్చినా మూడు గంటల వెలుతురు చేతిలో ఉంటుంది. ఈ టైములన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. ఆరింటికల్లా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో అమ్మకు అదే కాగితం మీద రాసిపెట్టాను.

దారి, సామాను

హనుమకొండ నుంచి ములుగు రోడ్డు పట్టి, ఆత్మకూరు దాటాక గూడెప్పాడ్ దగ్గర ఎడమకు తిరిగితే పరకాల. అక్కడ చాయ్ తాగి, భూపాలపల్లి రోడ్డు మీద రేగొండ దాకా పోయి, లోపలికి రావులపల్లి వైపు తిరగాలి. మొత్తం 50 కిలోమీటర్ల పైచిలుకు. అది అటవీ భూమి. ముందురోజే అటవీశాఖ వాళ్లను అడిగి, ఊళ్లో దారి తెలిసిన ఒకాయనను మాట్లాడుకున్నాం. ఇటలీలో రంగు గుర్తులు చేసే పని ఇక్కడ ఊరి మనిషే చేయాలి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకున్నా, బండల మధ్యకు పోయాక నీలం చుక్క అటూ ఇటూ గెంతుతుంది. దాన్ని నమ్ముకోవద్దు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఛార్జింగ్ మిగులుతుంది.

మనిషికి 3 లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టోపీ, పొడుగు చేతుల కాటన్ చొక్కా, గ్రిప్ ఉన్న బూట్లు, ఒక టార్చ్. బాపుకు మోకాలి పట్టీ, ఒక చేతికర్ర. "కర్ర పట్టుకుంటే ముసలోన్ని అనుకుంటరు" అన్నాడు. నేను కూడా ఒకటి పట్టుకున్నాను. ఇక మాట్లాడలేదు. తిండికి అమ్మ సర్వపిండి చేసిచ్చింది. పాడవదు, చేతికి అంటదు, ఒక్క ముక్కకే కడుపు నిండుతుంది. సెంటు, డియోడరెంట్ వద్దని ఊరాయన ముందే చెప్పాడు. బండల అంచుల కింద తేనెపట్లుంటాయి. అక్కడ అరుపులు, పొగ కూడా వద్దు.

ఎదురు పాండవులు

నడక మొదలైనప్పుడు చలి ఇంకా పోలేదు. టేకు ఆకులు కాళ్ల కింద పటపటమంటున్నాయి. ఇప్ప, తునికి, మోదుగ చెట్లను బాపు ఒక్కొక్కటీ పేరు పెట్టి పలకరిస్తూ నడిచాడు. నాకు వాటిలో మోదుగ ఒక్కటే తెలుసు. కొంతసేపటికి బండల వరుస మొదలైంది. నిలువుగా లేచిన గోడలు, మధ్యలో ఇరుకు సందులు. రాక్ క్లైంబింగ్ వాళ్లు తాళ్లు కట్టి ఎక్కేది ఇక్కడే.

ఎదురు పాండవులు అనే చోట బొమ్మలున్నాయి. ఇక్కడి రాతి చిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. ఎరుపు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో అడవిదున్న, జింక, పులి లాంటి జంతువులు, గుండ్రాలు, చతురస్రాలు, విల్లంబులు. వేర్వేరు కాలాల మనుషులు ఒకే బండ మీద గీసినవి. పక్కనే ఈ మధ్య ఎవరో గోరుతోనో రాయితోనో చెక్కిన రెండు పేర్లు, ఒక లవ్ సింబల్. ఫొటో బాగా రావాలని కొందరు ఆ బొమ్మల మీద నీళ్లు చల్లుతారట. దయచేసి ఆ పని చేయకండి. చేయి కూడా పెట్టొద్దు. వేల ఏళ్లు నిలిచిన రంగు మన రీల్ కోసం పోవద్దు.

బాపు చాలాసేపు చూశాడు. "మా అమ్మ ఇవ్వి భీముడు గీసిండని చెప్పేది" అన్నాడు. అంతే.

11:30

గొంతెమ్మ గుట్ట దాకా పోవాలన్నది బాపు కోరిక. గొంతి అంటే కుంతీదేవి. నాయనమ్మ కథల్లో ఎక్కువగా వచ్చేది ఆ పేరే. మేం ఒక పెద్ద బండ ఎక్కి కూర్చునేసరికి 11:25. "ఇంకొక్క ఇరవై నిమిషాలు, అంతే" అన్నాడు ఊరాయన. ఇరవై నిమిషాలంటే ఆయనకు. బాపుకు నలభై ఐదు. మళ్లీ వెనక్కి నలభై ఐదు.

"పోదాం పా, నాకేం కాలే" అన్నాడు బాపు. మోకాలి మీద చేయి వేసి అంటున్నాడు ఆ మాట.

నాకు ఏప్రిల్‌లో ఆ బండ నీడన కూర్చున్న ఫ్రెండ్ ముఖం గుర్తొచ్చింది. వాడు కూడా "ఏం కాలేదురా" అనే అన్నాడు, పడిపోయే ముందు. "వద్దు బాపూ, దిగుదాం" అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. నలభై ఏళ్ల కోరికను ఇరవై నిమిషాల దూరంలో ఆపడం నాకేమన్నా సులువా? కాగితం మీద ముందే రాసుకోకపోతే నేనూ "సరే పా" అనేసేవాణ్నే. ఆ అంకె పొద్దున చలిలో, బుర్ర సరిగ్గా పనిచేసేటప్పుడు పెట్టుకున్నది. గుట్ట మీద ఆశతో ఆలోచించే బుర్ర వేరు.

దిగేటప్పుడు సగం దారిలో బాపు మోకాలు బిగుసుకుంది. ప్రతి పది అడుగులకు ఆగాం. ఓఆర్ఎస్ తాగాడు, సర్వపిండి తిన్నాడు, కర్ర మీద బరువంతా మోపి నడిచాడు. కారు దగ్గరికి చేరేసరికి 3:40. అనుకున్నదానికంటే గంటా పది నిమిషాలు ఎక్కువ. గొంతెమ్మ గుట్టకు పోయి ఉంటే అడవిలోనే చీకటి పడేది. అది ఎలుగుబంట్లు తిరిగే అడవి.

పరకాల దాకా కార్లో బాపు మాట్లాడలేదు. చాయ్ హోటల్ దగ్గర ఆపితే, గ్లాసు చేతిలోకి తీసుకుని అన్నాడు, "ఐదున్నరకు గాదురా, నాలుగున్నరకే లేస్తే అయిపోవు."

మోకాలికి ఫిజియోథెరపీ మొదలుపెట్టాడు. వచ్చే డిసెంబర్‌కు కొత్త కాగితం రాయాలి. ఈసారి టైములు బాపే రాస్తాడట.