ఆటోనగర్‌లో మా పాత పికప్

విజయవాడ అనగానే ఇంద్రకీలాద్రి మీది కనకదుర్గమ్మ ఆలయం, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి, కృష్ణానది స్నానఘట్టాలు మనస్సులో మెదులుతాయి. సెలవు పెట్టి వెళ్ళే యాత్రికుల జాబితాలో జవహర్ ఆటోనగర్‌కు చోటుండదు. కాని లారీని నమ్ముకొని బ్రతికే వారిని అడిగి చూడండి. ఆంధ్రదేశంలో ఆ పేరు తెలియని డ్రైవరు ఉండడు. ఒక పాత పికప్ బండిని ఇంటివద్దనే బాగుచేసుకునే ప్రయత్నంలో నేను గత రెండేళ్ళలో నాలుగు పర్యాయాలు అక్కడికి వెళ్ళవలసి వచ్చింది. ఆ ప్రయాణాల్లో చూసిన విశేషాలను మన పత్రిక పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

బండి పూర్వాపరాలు

కోనసీమలోని అంబాజీపేట కొబ్బరి వ్యాపారానికి పెట్టింది పేరు. అక్కడ మా పెదనాన్నగారికి కొబ్బరి కొట్టు ఉండేది. తోటల్లో దింపు తీసిన కాయను కొట్టుకు చేర్చడానికి ఆయన 1972 మోడల్ ఎఫ్.సి.–150 పికప్‌ను వాడేవారు. ఈ బండికి ఒక చరిత్ర ఉన్నది. జీపుల తయారీలో పేరుపొందిన అమెరికాలోని విల్లీస్ సంస్థ 1950ల రెండో భాగంలో దీన్ని రూపొందించింది. మన దేశంలో మహీంద్రా సంస్థ 1965లో దీని తయారీ ప్రారంభించి, తేలికపాటి సరుకు రవాణా వాహనాల రంగంలో అడుగుపెట్టింది.

ఈ బండికి ముందు ముక్కు ఉండదు. డ్రైవరు సరిగ్గా ముందు చక్రాల మీద కూర్చుంటాడు. ఇంజను రెండు సీట్ల మధ్య ఒక రేకు మూత కింద ఉంటుంది. వేసవిలో ఆ మూత వేడికి మోకాళ్ళు కాలేవని పెదనాన్నగారు నవ్వుతూ చెప్పేవారు. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 81 అంగుళాలే. అంటే రెండు మీటర్ల పైన కొద్దిగా. అందువల్లనే కాలువగట్ల మీదా, కొబ్బరితోటల ఇరుకు బాటల్లోనూ ఇది అవలీలగా మలుపు తిరిగేది.

2003లో పెదనాన్నగారు కాలం చేశాక బండి కొబ్బరాకుల పాక కింద నిలిచిపోయింది. తుక్కు వ్యాపారులు వచ్చి తూకం లెక్కన ధర చెప్పి వెళ్ళేవారు. పెద్దమ్మకు ఇప్పుడు ఎనభై ఆరేళ్ళు. రెండేళ్ళ క్రితం సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆవిడ నాతో ఒకే మాట అన్నది: "బాబూ, నడిస్తే ఉంచండి, నడవకపోతే అమ్మేయండి. రోజూ పొద్దున్నే లేచి దాన్ని అట్లా చూడలేకపోతున్నాను." రెండు సంక్రాంతుల గడువు అడిగి, బండిని లారీ మీద ఎక్కించి విశాఖలోని మా క్వార్టరుకు చేర్చాను.

ఇంటి షెడ్డులో

ముప్ఫై ఏళ్ళు కర్మాగార నిర్వహణ విభాగంలో పనిచేసినవాడికి విప్పడం కష్టం కాదు. విప్పినదాన్ని గుర్తుపెట్టుకోవడమే కష్టం. ప్రతి బోల్టునూ దాని స్థానం వ్రాసిన చీటీతో డబ్బాల్లో భద్రపరిచాము. చీటీలు వ్రాసే బాధ్యత మా అమ్మాయిది, ఫొటోలు తీసే బాధ్యత మా ఆవిడది. మూడు నెలలు గడిచేసరికి మా ఇంట్లో పచ్చడి జాడీల కన్నా నట్ల డబ్బాలే ఎక్కువయ్యాయి.

ఇటువంటి పనికి పూనుకొనే వారికి కొన్ని జాగ్రత్తలు విన్నవిస్తాను. జాకీ బండిని ఎత్తడానికే గాని నిలపడానికి కాదు. ఎత్తిన తరువాత స్టాండ్లు పెట్టనిదే కిందికి దూరరాదు. ఆ కాలపు బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. కనుక బ్రేకు డ్రమ్ముల్లోని ధూళిని గాలితో ఊదక, తడిగుడ్డతో తుడవాలి. ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరం. లోపల మిగిలిన ఆవిరికి నిప్పురవ్వ ఒక్కటి చాలు. ట్యాంకు వెల్డింగును మేము ఇంట్లో తలపెట్టనే లేదు.

కోనసీమ గాలిలో తేమ, విశాఖ గాలిలో ఉప్పు కలిసి ఆ రేకులను దెబ్బతీశాయి. క్యాబిన్ నేలరేకు వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. తుప్పు గీకి, మిగిలిన గట్టి రేకుకు రెడ్ ఆక్సైడ్ పూశాము. ఇంజను విప్పి సిలిండర్లు కొలిస్తే, మొదట 79.4 మి.మీ. ఉండవలసిన లోపలి వ్యాసం పైభాగాన అర మిల్లీమీటరు దాకా పెరిగి ఉన్నది. పిస్టను పైకి చేరి క్షణకాలం ఆగే చోట నూనె పొర పలుచబడుతుంది, వేడీ ఒత్తిడీ అధికంగా ఉంటాయి. అందుకే అరుగుదల ఎప్పుడూ అక్కడే ఎక్కువ. పైగా ఈ ఇంజనులో పెట్రోలు మిశ్రమాన్ని లోనికి వదిలే వాల్వులు పైన హెడ్డులోనూ, పొగను బయటకు పంపేవి కింద బ్లాకులోనూ ఉంటాయి. కనుక బోరింగుతో పాటు వాల్వు సీట్ల పని కూడ బ్లాకు మీదనే జరగాలి. అది ఇంటి షెడ్డులో అయ్యే పని కాదు. ఇందుకు ఆటోనగరే శరణ్యమని మిత్రులందరూ ముక్తకంఠంతో చెప్పారు.

గోదావరి మీదుగా

బ్లాకును ట్రాన్స్‌పోర్టులో ముందుగా పంపి, నేను రైలెక్కాను. విశాఖ నుంచి విజయవాడకు సుమారు 350 కిలోమీటర్లు. అనకాపల్లి, తుని, అన్నవరం కొండ దాటి, రాజమహేంద్రవరం వద్ద గోదావరి వచ్చేసరికి పెట్టెలోని వారందరూ కిటికీల వైపు జరిగారు. పక్కనే పాత హేవ్‌లాక్ వంతెన కనబడుతుంది. 1900లో రైళ్ళకు తెరిచిన ఆ వంతెన 1997లో విశ్రాంతి తీసుకున్నది. దాదాపు శతాబ్దం పాటు అది నిలబడడానికి కట్టినవారి ప్రతిభ ఎంత కారణమో, ఏటేటా రంగు వేసి, రివెట్లు పరీక్షించిన అజ్ఞాత కార్మికుల శ్రమ కూడ అంతే కారణం. వంతెన ప్రారంభోత్సవాలను గుర్తుంచుకుంటాము గాని వారిని ఎవరు తలచుకుంటారు?

ఆటోనగర్ వీధుల్లో

బెంజి సర్కిల్ దాటి తూర్పుగా సాగితే పటమట ఆవల ఆటోనగర్ ముఖద్వారం వస్తుంది. ఊరంతటా చెదిరి ఉన్న మెకానిక్కులకూ, బాడీ బిల్డర్లకూ ఒకే చోటు కల్పించాలని 1960లలో వెలసిన ఈ పారిశ్రామికవాడకు నెహ్రూ పేరు పెట్టారు. లోపలికి అడుగిడగానే ముందు పలకరించేది శబ్దం. ఒక వీధిలో సుత్తి దెబ్బలు, ఒక వీధిలో రంపపు కోత, ఇంకొక వీధిలో లేతు మిషన్ల రొద. ఏ వీధి పని ఆ వీధిది. రేడియేటర్లు ఒకచోట, కమాన్లు ఒకచోట, ఆర్మేచర్ వైండింగు ఒకచోట, సీట్లు కుట్టేవారు మరొకచోట. వట్టి ఛాసిస్‌గా వచ్చిన లారీ చెక్క బాడీ, రంగులు, పువ్వులు, దేవుని పేరు అన్నీ సంతరించుకొని పెళ్ళికొడుకులా బయటికి వెళుతుంది.

అక్కడి వారికి విడిభాగాల నంబర్ల పుస్తకాలతో పనిలేదు. నేను తీసుకువెళ్ళిన గేరుబాక్సు బేరింగును ఒక దుకాణదారు అరచేతిలో తిప్పి చూసి, "ఇది జీపుదేనండి" అని వెనుక అరలోంచి కొత్తది తీసి ఇచ్చారు. ఈ బండి యంత్రభాగాలు చాలావరకు జీపు కుటుంబానివే కావడం మా అదృష్టం. క్యాబిన్ రేకులు మాత్రం ఎక్కడా దొరకలేదు. టింకరింగు మేస్త్రీ ఒకాయన అట్టముక్క మీద కొలతలు గీసుకొని, రెండు రోజుల్లో నేలరేకును చేతితోనే మలిచి ఇచ్చారు. కమాన్ల దుకాణంలో నేల మీద సుద్దతో వంపు గీసి, కుంగిపోయిన పట్టీలను ఎర్రగా కాల్చి, సుత్తితో ఆ గీతకు సరిగ్గా వంచి, నూనెలో ముంచి, మళ్ళీ తగుమాత్రం వేడిచేసి గట్టిదనాన్ని సరిచేశారు. మన ప్రయోగశాలల్లో ఉష్ణమాపకాలు చూసి చేసే పనిని అక్కడ ఇనుము రంగు చూసి చేస్తున్నారు.

నా మనస్సులో నిలిచిపోయినది మాత్రం బోరింగు షాపు. దాని యజమాని డెబ్భై ఏళ్ళకు దగ్గరపడిన టర్నరు. పన్నెండో ఏట పనిలో చేరానని చెప్పారు. ఆయన బ్లాకులోని ప్రతి సిలిండరులోనూ చూపుడువేలు పెట్టి పైనుంచి కిందికి నిదానంగా జార్చి, "ముప్ఫై సైజు పడుతుందండి, మూడోది ఎక్కువ అరిగింది" అన్నారు. అంగుళంలో వెయ్యో వంతును అక్కడ 'థౌ' అంటారు. అసలు కొలత కన్నా ముప్ఫై థౌలు పెద్దదైన పిస్టను ముప్ఫై సైజు. ఆ తరువాత డయల్ గేజి పెట్టి చూస్తే, అది కూడ ఆ మాటే చెప్పింది. బోరింగు అయ్యాక గోడలను అద్దంలా నునుపు చేయక, హోనింగు రాయితో ఏటవాలు గీతలు అల్లికగా పడేటట్లు చేశారు. ఆ సన్నని గీతల్లోనే నూనె నిలుస్తుంది, కొత్త రింగులు గోడకు అలవాటు పడతాయి.

మరొక సలహా కూడ ఆయనదే. 2000 సంవత్సరం నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. పాత ఇంజన్ల వాల్వు సీట్లకు ఆ సీసమే కొంత రక్షణగా ఉండేది. కనుక గట్టి సీట్లు దించుకోవడం మేలన్నారు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటున్నది. అది పాత రబ్బరును ఉబ్బించి చెడగొడుతుంది. అందువల్ల పెట్రోలు గొట్టాలు, పంపులోని డయాఫ్రం, కార్బురేటరు ప్యాకింగులు అన్నీ ఇథనాల్‌ను తట్టుకునేవే వేశాము.

టీ త్రాగుతూ, ఈ పని నేర్చుకుంటున్న వారెవరని అడిగాను. కుమారుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగంలో ఉన్నాడని సంతోషంగా చెప్పారు. తరువాత మిషను వైపు చూసి, "నా తరువాత ఇది కూడ ఇనుము రేటుకే పోతుందండి" అన్నారు. ఆ మాటలో ఫిర్యాదు లేదు. నాకు మాత్రం అంబాజీపేటలో తూకం లెక్క చెప్పిన తుక్కు వ్యాపారి గుర్తుకు వచ్చాడు.

మనకు పాఠం

పాత బండిని బాగుచేశానని ఎవరైనా చెప్పుకుంటే, అది పూర్తి నిజం కాదని ఇప్పుడు నా అభిప్రాయం. ఒక్కరు బాగుచేయలేరు. ఒక ఊరు బాగుచేస్తుంది. టర్నరు వ్రేలి కొస, కమాన్ల మేస్త్రీ కంటిచూపు, దుకాణదారు జ్ఞాపకం ఇవన్నీ ఒకే చోట ఉన్నంతకాలమే ఆ బండికి ఆయుష్షు. నేటి వాహనాల్లో కంప్యూటర్లు వచ్చాయి, చాలా భాగాలను బాగుచేయడం కన్నా మార్చడమే సులువైనది. దీన్ని తప్పుపట్టనక్కరలేదు. పొగ తగ్గింది, భద్రత పెరిగింది. అయితే కొలిచే చెయ్యి మరుగునపడితే తిరిగి సంపాదించడం కష్టం.

ఇది మన సంస్థలకూ వర్తిస్తుంది. పదవీ విరమణ సభలో శాలువా కప్పి పంపే ప్రతి సీనియర్ ఫిట్టరుతోనూ, ఏ డ్రాయింగులోనూ లేని కొంత విద్య గేటు దాటి పోతున్నది. అందుకే నాలుగో పర్యాయం వెళ్ళినప్పుడు ఒక నోటుపుస్తకం వెంట తీసుకుపోయి, ఆ టర్నరు గారి పక్కన రెండు రోజులు కూర్చున్నాను. ఏ కోతకు ఎంత వేగం, ఏ పోత ఇనుముకు ఏ టూలు, ఏ శబ్దం వస్తే ఆపాలి అన్నవన్నీ ఆయన చెబుతుండగా వ్రాసుకున్నాను. ఒక ప్రతి ఆయనకు ఇచ్చాను, ఒక ప్రతి మా శిక్షణ కేంద్రం గ్రంథాలయంలో ఉంచాను. మా అప్రెంటిస్ కుర్రవాళ్ళు ఇద్దరు అది చదివి, ఆయన దగ్గరకు వెళ్ళి చూసి వస్తామని సెలవు అడిగారు.

బండి విషయానికి వస్తే, మొత్తం ఖర్చు లక్షా ఎనభై వేల రూపాయలు దాటింది. తుక్కు ధరతో పోల్చి లెక్క వేసేవారికి ఇది నష్టమే. ఈ సంక్రాంతికి పది రోజుల ముందు దాన్ని లారీ మీద అమలాపురం చేర్చి, రవాణాశాఖ తనిఖీకి పెట్టాము. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు వాహనాలకు ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. బ్రేకులు, దీపాలు, పొగ అన్నీ పరీక్షించి పత్రం చేతికిచ్చారు. అక్కడినుంచి అంబాజీపేట దాకా కొబ్బరితోటల మధ్య మా తమ్ముడు నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. ఇంజను మూత వేడికి మోకాళ్ళు కాలాయి. పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి పసుపు, కుంకుమ తెచ్చింది. ఇప్పుడది వారానికి రెండు రోజులు దింపు కాయను కొట్టుకు చేరవేస్తున్నది.