మా అయ్య చెవులు

మా ఇంట్లో అందరం అరుస్తూనే మాట్లాడతాం. కొత్తవాళ్ళెవరైనా మా వీధిలోకొస్తే ఈ ఇంట్లో ఎప్పుడూ తగువే అనుకుంటారు. మా స్కూల్లో తోటి టీచరొకావిడ ఒకసారి నవ్వుతూ అంది, 'మీ వాళ్ళ గొంతులే పెద్దవి కదండీ' అని. మీ వాళ్ళు అంటే ఎవరో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. మాలపేటలో పుట్టినోళ్ళకి గొంతు పెద్దదని వాళ్ళ లెక్క. ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను. మా గొంతులు పెద్దవి కావు. మా అయ్య చెవులు పోయాయి. అవి ఎలా పోయాయో, పోయాక మా ఇంట్లో ఏమేం పోయాయో చెప్పాలని ఇది రాస్తున్నాను.

మా అయ్యది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. చిన్నప్పుడు మా తాతతో కలిసి డప్పు కొట్టేవాడు. ఊళ్ళో చావొచ్చినా, అమ్మవారి పండగొచ్చినా ముందు నడవాల్సింది మా వాళ్ళే. తిండికి కూర్చోవాల్సింది మాత్రం అందరికన్నా వెనక, దూరంగా. 'మిల్లులో కులమడగరంట, నంబరడుగుతారంట' అని ఎవరో చెప్తే, 1966లో జూట్ మిల్లుకి పోయి బదిలీ కూలీగా చేరాడు. తర్వాత పర్మినెంటయ్యాడు. నేత ఖాతాలో మగ్గం మీద 36 ఏళ్ళు చేశాడు.

మా జిల్లాల్లో మిల్లులకి గోగునారతోనే ఎక్కువ పని వుండేది. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరేసి, మోకాల్లోతు కుళ్ళునీళ్ళలో నిలబడి నార తీసేది మా ఆడోళ్ళే. ఆ నార మిల్లుకెళ్తే దాన్ని గోనెగుడ్డ చేసేది మా మగోళ్ళు. నీళ్ళలో కాళ్ళు పాచిపోయింది మా అమ్మకి. చెవులు పోయింది మా అయ్యకి.

ఒకసారి జీతం రోజున మా అమ్మతో కలిసి మిల్లు గేటు దాకా వెళ్ళాను. లోపల్నుంచి వచ్చే చప్పుడు గుండెలమీద కొట్టినట్టుండేది. వందల మగ్గాలు. ఒక్కో మగ్గంలో నాడెని కర్ర అటొక దెబ్బ, ఇటొక దెబ్బ కొడుతూనే వుంటుంది. ఆ షెడ్డులో మనిషి పక్కన మనిషి నిలబడి అరిచినా వినపడదు. అందుకని వాళ్ళు చేతులతో మాట్లాడుకునేవాళ్ళు. బొటనవేలు నోటికి పెడితే నీళ్ళు. రెండు వేళ్ళు తిప్పితే పోగు తెగింది. తలమీద చెయ్యి పెడితే సూపర్వైజరొస్తున్నాడు. చెవుల్లో ఇంత దూది పెట్టుకోవడం ఒక్కటే వాళ్ళకి తెలిసిన రక్షణ. అది చెవికి దాదాపు ఏమీ అడ్డం కాదని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు.

మన ఫ్యాక్టరీ నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దుగా వుండేది. 90 కాస్తా 93 అయితే మూడే పెరిగినట్టు కాదు. చెవిమీద పడే శబ్దశక్తి రెండింతలయినట్టు. 1948 ఫ్యాక్టరీల చట్టం చివర్న పనివల్ల వచ్చే జబ్బుల పట్టిక ఒకటుండేది. శబ్దంవల్ల వచ్చే చెవుడు ఆ పట్టికలో వుండేది. నష్టపరిహార చట్టం పట్టికలో కూడా వుండేది. కానీ మా అయ్య చెవుల్ని ఆ 36 ఏళ్ళలో ఒక్క రోజూ ఎవరూ పరీక్ష చెయ్యలేదు. 2002లో దిగిపోయినప్పుడు పీఎఫ్ లెక్క కట్టారు, గ్రాట్యుటీ లెక్క కట్టారు. చెవులకి లెక్క కట్టలేదు. అడగాలని మాకూ తెలీదు. 1994లో నెల్లిమర్లలో పోలీసు కాల్పుల్లో ఐదుగురు కార్మికులు చచ్చిపోయిన కాలమది. ప్రాణాలకే దిక్కు లేనప్పుడు చెవుల గురించి ఎవడడుగుతాడు?

వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన తగరం, లక్క పొయ్యమని గౌతమ ధర్మసూత్రం చెప్పింది. సభల్లో మనం ఆ మాట తరచూ చెప్పుకుంటాం. మా అయ్య చెవుల్లో ఎవరూ ఏమీ పొయ్యలేదు. ఎనిమిది గంటల చొప్పున, 36 ఏళ్ళు, చప్పుడు పోశారు.

ఈ చెవుడు గుడ్డితనంలాగా ఒక్కసారి తెలిసేది కాదు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. అచ్చులు లావుగా వుంటాయి, వినబడతాయి. క, చ, త, ప, స లాంటి హల్లులు సన్నటివి, అవి జారిపోతాయి. పాలు అన్నా, కాలు అన్నా, చాలు అన్నా మా అయ్యకి 'ఆలు' అనే వినబడేది. 'సప్పుడు ఇనబడతాదే అమ్మీ, మాట తెలీదు' అనేవాడు. మేం నమ్మలేదు. పిలిస్తే పలుకుతాడు, చెప్తే చెయ్యడు. కావాలనే అనుకున్నాం. మా అమ్మయితే 'అవసరమైనయి ఇనబడతాయి ముసలాడికి' అనేది. తర్వాత పరీక్ష చేసినమ్మాయి కాగితం మీద గీత చూపించింది. గీత తిన్నగా వచ్చి 4000 హెర్ట్జ్ దగ్గర గోతిలో పడింది. అప్పుడు నాకు సిగ్గేసింది.

అరిచి చెప్తే వినేవాడు. కానీ అన్ని మాటలూ అరిచి చెప్పేవి కావు కదా. పేటలో గోడకి గోడ ఆనుకునే వుంటుంది. అప్పు సంగతి అరవలేం. నా పెళ్ళి సంబంధం తప్పిపోయిన సంగతి అరవలేం. అందుకని కొన్నాళ్ళకి మా అయ్యతో మేం మాట్లాడేవి రెండు మాటలయ్యాయి. 'తిన్నావా?' 'మందేసుకున్నావా?' ఇంటికి పెద్ద ఆయన. ఇంట్లో ఏం జరుగుతోందో అందరికన్నా ఆఖర్న తెలిసేది ఆయనకే.

2013లో మా అమ్మకి కేన్సరొచ్చింది. విశాఖపట్నం తీసుకెళ్ళాం. ఇక లాభం లేదని డాక్టరు నాతో నెమ్మదిగా చెప్పాడు. వార్డులో వరసగా మంచాలు. ఆ మాట మా అయ్యకి చెప్పాలంటే వార్డంతా వినేట్టు అరవాలి, మా అమ్మ కూడా వినేట్టు అరవాలి. నేను చెప్పలేదు. రాసిద్దామంటే ఆయనకి చదువు రాదు. ఆఖరి రోజున మందులకని నేను కిందకెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఏదో చెప్తోంది. గొంతు లేదు, గాలే వస్తోంది. ఆయన అలాగే అలాగే అని తలూపుతున్నాడు. ఆ సాయంత్రమే పోయింది. ఆమె ఏం చెప్పిందో మా అయ్యకి వినపడలేదు. ఆ సంగతి ఆయన నాతో చెప్పింది తొమ్మిదేళ్ళ తర్వాత.

మొదటి మిషను 2016లో ఒక శిబిరంలో ఇచ్చారు. పేద వికలాంగులకి పరికరాలిచ్చే కేంద్ర పథకం 1981 నుంచీ వుంది. ముసలివాళ్ళకని వయోశ్రీ పథకం తర్వాత 2017 ఏప్రిల్లో నెల్లూరులో మొదలుపెట్టారు. పథకాలు లేవని నేననను. మా అయ్యకిచ్చింది జేబులో పెట్టుకునే పెట్టె, దానికి తీగ, పెన్సిలు బ్యాటరీలు. ఇంట్లో ఆయనకి బనీనే గానీ జేబున్న చొక్కా వుండదు. చెవికి కొలత తియ్యలేదు, అచ్చు చెయ్యలేదు. పెట్టుకుంటే కీచుమని కూత. ఫొటో తీశారు, పంపేశారు. నెల్లాళ్ళలో అది ట్రంకుపెట్టెలో చేరింది.

తర్వాత టౌనులో ఒక షాపుకెళ్ళాం. చెవిలో లైటు వేసి చూడాలి, గులిమి తియ్యాలి, మైనంలాంటిది పెట్టి అచ్చు తియ్యాలి. అన్నీ ముట్టుకునే పనులు. షాపతను ఏ ఊరన్నాడు. చెప్పాం. ఏ వీధన్నాడు. చెప్పాం. మిషను బల్లమీద పెట్టి 'మీరే పెట్టుకుని చూడండి' అన్నాడు. మా ముందు వచ్చినాయనకి తనే పెట్టాడు. నేను చూశాను. మా అయ్య చూసినా చూడనట్టే వున్నాడు.

అప్పుడు కొన్నది చెవి వెనక పెట్టుకునేది, బొత్తాం బ్యాటరీది. ఆ బ్యాటరీ గాలి తగిలితే పని చేస్తుంది. మీదున్న స్టిక్కరు పీకిన క్షణం నుంచీ, పెట్టుకున్నా పెట్టుకోకపోయినా, అయిపోతూనే వుంటుంది. వారానికో రెండు వారాలకో ఒకటి. మా అయ్య వేళ్ళు మగ్గం మీద మొద్దుబారిన వేళ్ళు, కళ్ళకి శుక్లాలు. కందిగింజంత బ్యాటరీ జారిపోతే నేలంతా తడుముకునేవాడు. చిన్నపిల్లలు మింగితే ప్రాణానికే ముప్పని మాకింకో భయం. కొత్తవి కావాలంటే టౌనుకే పోవాలి, బస్సు ఛార్జీ దానికి అదనం. అందుకని దాచి వాడేవాడు. ఎవరైనా వస్తేనే పెట్టేవాడు. అలా అప్పుడప్పుడూ పెడితే బుర్రకి ఆ శబ్దం అలవాటు కాదు. అది కూడా ట్రంకుపెట్టెలోకే పోయింది.

2022లో నా చీటీ డబ్బు ముప్ఫయ్యారు వేలు పెట్టి రెండు చెవులకీ ఛార్జింగు మిషన్లు కొన్నాను. ఈసారి పరీక్ష చేసినమ్మాయి మా అయ్య చెవి చేత్తో పట్టుకుని, గులిమి తీసి, తుడిచి, తనే పెట్టింది. ఆ రోజు మా అయ్య మిషను గురించి మాట్లాడలేదు, ఆ పిల్ల చెయ్యి గురించే మాట్లాడాడు.

ఇందులో బ్యాటరీ మార్చే పని లేదు. రాత్రి డబ్బాలో పెడితే దీపం వెలుగుతుంది, మూడు నాలుగ్గంటల్లో నిండుతుంది, పగలంతా వస్తుంది. కరెంటు పోతే ఫోను పవర్ బ్యాంకుతో కూడా ఎక్కుతుంది. 2018లో తిత్లీ తుఫానుకి శ్రీకాకుళం పల్లెలు రోజులకి రోజులు చీకట్లో వున్న సంగతి మర్చిపోలేం కదా. లోపాలు లేవని కాదు. నాలుగైదేళ్ళకి లోపలి బ్యాటరీ అరిగిపోతుంది, మనం మార్చలేం. మా ఉక్కపోతకి చెమట పడుతుంది, తుడుచుకోవాలి. కళ్ళజోడులాగా పెట్టగానే సరిపోదు, బుర్రకి వారాలు పడుతుంది. మొదట్లో కంచం చప్పుడుకీ, తన చెప్పుల చప్పుడుకీ ఉలిక్కిపడి తీసేసేవాడు. వెయ్యికీ రెండువేలకీ అమ్మే గొట్టాలని చూసి మోసపోకండి. వాటిల్లో చాలా వాటిని చెవి పరీక్ష ప్రకారం సర్దలేరు. అవసరమున్నదీ లేనిదీ అంతా పెంచుతాయి.

నేను టీచర్ని కాబట్టి కొన్నాను. మా వీధిలో మిల్లు చెవుడున్న ముసలోళ్ళు ఇంకా తొమ్మిదిమంది వున్నారు. రెండు చెవులకీ 60 డెసిబెల్స్ పోతేనే 2016 వికలాంగుల హక్కుల చట్టం లెక్కలోకొస్తారు. మా అయ్యకి పోయింది 55. పెళ్ళాం ఆఖరి మాట వినపడలేదు గానీ చట్టానికి ఆయన చెవిటివాడు కాదు. ప్రపంచంలో 43 కోట్లమందికి వినికిడి సాయం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో రాసింది. ఆఫ్రికాలో బోట్స్‌వానా అనే చిన్న దేశంలో చెవిటి కార్మికులే ఎండతో ఛార్జయ్యే చెవి బ్యాటరీలు తయారుచేశారు. ఎండ మనకేం తక్కువ? పీహెచ్‌సీలో బీపీ చూసినట్టే చెవీ చూడాలని, మిల్లు పనోళ్ళందరికీ పరీక్ష చెయ్యాలని, మిషనిచ్చి ఫొటో తీసి వదిలెయ్యకుండా అచ్చు చేసి, ఏడాదికోసారి మరమ్మతు చెయ్యాలని మనం అడగాలి.

మనల్ని మనం కూడా అడుక్కోవాలి. మన సభల్లో ముసలోళ్ళు వెనక కూర్చుని చప్పట్లు కొడతారు. అందరూ కొడుతున్నారని కొడతారు. వినబడి కాదు. వాళ్ళ బతుకుల గురించే మనం మైకులో మాట్లాడతాం. జాషువా 'గబ్బిలం'లో తన బాధ శివుడి చెవిలో వెయ్యమని గబ్బిలాన్ని పంపాడు. దేవుడి చెవిదాకా పోయే మన మాట, ముందు వరసలో కుర్చీ వేస్తే మన ముసలోళ్ళ చెవిదాకా పోదా?

మిషను పెట్టాక నెల తిరక్కుండా మా అయ్య ఊళ్ళో టీ బడ్డీ దగ్గరికెళ్ళాడు. వెనకనుంచి ఒక పెద్దకులపాయన పక్కవాడితో అన్నాడంట, 'మిసను పెట్టుకున్నాడు మాలోడు, కలెక్టరైపోనాడు' అని. అలాంటి మాటలు ఎన్నేళ్ళుగా ఆయన వెనక అంటున్నారో! మా అయ్య గ్లాసు కింద పెట్టి తిరిగాడంట. 'ఇనబడతంది బాబూ. ఇంకోపాలి అను' అన్నాడంట. అతను అనలేదు. ఇంటికొచ్చి ఈ సంగతి చెప్తూ మా అయ్య నవ్వలేదు. 'ఇన్నాళ్ళూ సుకంగానే ఉన్నానే అమ్మీ' అన్నాడు. 'తీసేస్తావా అయ్యా' అన్నాను. 'ఎందుకు తీస్తాను? ఆడు మానాల గానీ' అన్నాడు.

ఆ రాత్రే అడిగాడు, 'మీయమ్మ ఆ రోజు ఏటన్నదో నీకేటైనా తెలుసా?' అని. నాకు తెలీదన్నాను. ఎవరికీ తెలీదు.

మిల్లులో ఆయన జతగాడు ఇప్పటికీ సాయంత్రం వచ్చి అరుగుమీద కూర్చుంటాడు. ఆయనకి మిషను లేదు. ఆయనతో మాత్రం మా అయ్య ఇప్పటికీ చేతులతోనే మాట్లాడతాడు. బొటనవేలు నోటికి పెడితే నేను నీళ్ళు తెచ్చిస్తాను.

రాత్రి పడుకోబోయేముందు డబ్బా తెరిచి, మిషన్లు తియ్యకముందు నా వైపు చూసి అడుగుతాడు, 'ఇంకేటైనా సెప్పాలా? సెప్పేయి, తీసేస్తన్నాను.'

రోజూ ఏదో ఒకటి చెప్తాను. నెమ్మదిగానే చెప్తాను.