లానో నుంచి నాన్నకు

లానో, టెక్సాస్
2026 జనవరి 10

నాన్నా,

పొద్దున్నే ఆస్టిన్‌లో బయల్దేరి రెండు గంటల్లోపే లానో చేరాం. బావ కారు నడిపాడు. దారి పొడుగునా మన భువనగిరి గుట్టను గుర్తుచేసే బండలే, కాకపోతే గులాబీ రంగువి. ఊరి పక్కన ఊరి పేరే ఉన్న ఏరు. కౌంటీ మొత్తం కలిపి జనాభా 21 వేలు. ఇక్కడికి నేను వచ్చింది వీళ్ల గ్రంథాలయం చూడ్డానికి. ముప్ఫై ఏళ్లు శాఖా గ్రంథాలయం నడిపినవాడివి, ఈ కథ ముందు నీకే చెప్పాలనిపించింది.

2021 చివర్లో కొందరు ఇక్కడి పుస్తకాల మీద ఫిర్యాదు చేశారు. కౌంటీ పాలకులు వాళ్ల మాటే విన్నారు. 17 పుస్తకాలు అరల్లోంచి మాయమయ్యాయి. ఉన్న సలహా సంఘాన్ని రద్దు చేసి, ఫిర్యాదు చేసినవాళ్లలో కొందరిని కొత్త సంఘంలోకి తెచ్చారు. పుస్తకాలు తీయనన్న కింగ్స్‌లాండ్ శాఖ గ్రంథపాలకురాలి ఉద్యోగం 2022 మార్చిలో పోయింది.

తీసేసినవాటిలో మారిస్ సెండాక్ పిల్లల బొమ్మల పుస్తకం ‘ఇన్ ద నైట్ కిచెన్’ ఉంది. అందులో ఓ పసివాడు కలలో ఒంటిమీద నూలుపోగు లేకుండా రొట్టెల పిండిలో పడతాడు. మన వాకిళ్లలో మొలతాడుతో పరుగెత్తే పిల్లల్ని చూసి ఎవరైనా సిగ్గుపడ్డారా నాన్నా? నల్లవాళ్ల మీద దాడులు చేసిన కూ క్లక్స్ క్లాన్ ముఠా ఎలా పుట్టిందో పిల్లలకు చెప్పే చరిత్ర పుస్తకం కూడా వాటిలో ఉంది. ఇసబెల్ విల్కర్సన్ ‘కాస్ట్’ ఉంది. అమెరికాలో నల్లవాళ్ల బతుకును మన కులంతో పోల్చి చూపిన పుస్తకం అది. అంబేడ్కర్ ఉన్నాడు అందులో.

ఆ పేరు చదవగానే నా పదో తరగతినాటి సాయంత్రం కళ్లముందుకొచ్చింది. ఊరి పెద్దమనిషి వచ్చి నీ బల్ల ముందు నిలబడ్డాడు. అంబేడ్కర్ జీవితచరిత్ర లోపల పెట్టమన్నాడు, పిల్లలు చెడిపోతున్నారన్నాడు. నువ్వు లేచి కుర్చీ వేసి, నమోదు పుస్తకం ఆయన ముందు తెరిచావు. నల్ల సిరాతో రాసిన వరుస సంఖ్య మీద వేలుపెట్టి, “ఇందులోకి ఎక్కింది తీసే హక్కు నాది కాదు. అభ్యంతరం రాసివ్వండి, పైకి పంపిస్తా” అన్నావు. ఆయన రాయలేదు. పుస్తకం అరలోనే ఉంది.

న్యూ ఆర్లీన్స్
జనవరి 13

నాన్నా,

మిగతా కథ చివరికి ఈ ఊరికే చేరింది. లానోలో ఏడుగురు పాఠకులు 2022 ఏప్రిల్‌లో కోర్టుకెక్కారు. ఆస్టిన్‌లో ఫెడరల్ జడ్జి రాబర్ట్ పిట్మన్, 2023 మార్చిలో, పుస్తకాలు 24 గంటల్లో అరల్లోకి రావాలన్నారు. అప్పుడు కౌంటీ ఏం ఆలోచించిందో తెలుసా? గ్రంథాలయాలనే మూసేద్దామా అని! ఏప్రిల్‌లో సమావేశం పెట్టారు. జనం కదిలివచ్చారు, ఆ ఆలోచన మానుకున్నారు. కానీ అప్పీలు ఆగలేదు.

ఇవాళ క్యాంప్ వీధిలో ఆ అప్పీలు కోర్టు ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆ భవనానికి జడ్జి జాన్ మైనర్ విజ్డమ్ పేరు పెట్టారు. 1962లో జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి యువకుడికి మిసిసిపీ విశ్వవిద్యాలయం తలుపు తెరిపించిన తీర్పు ఆయనది. దక్షిణాదిలో జాతివివక్ష గోడలు కూల్చిన కోర్టు ఇది. అదే కోర్టు 2025 మేలో, 10–7 తేడాతో, గ్రంథాలయంలోంచి పుస్తకం తీసేస్తే ప్రశ్నించే రాజ్యాంగ హక్కు పాఠకుడికి లేదంది. కావాలంటే కొనుక్కోవచ్చు, స్నేహితుడి దగ్గర తెచ్చుకోవచ్చు అని తీర్పులో రాశారు. డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ కేసు విననంది. టెక్సాస్, లూసియానా, మిసిసిపీ మూడు రాష్ట్రాలకూ ఇప్పుడు అదే చట్టం.

కొనుక్కునేవాళ్లు ఎప్పుడూ కొనుక్కుంటారు నాన్నా. పత్తి ఏరి వచ్చి, కాళ్లు కడుక్కుని నీ దగ్గర పుస్తకం తీసుకున్నవాళ్లు ఎక్కడ కొంటారు? గ్రంథాలయం పుట్టిందే వాళ్ల కోసం కదా. నాకు కడుపు మండిపోయింది.

డాలస్ దగ్గర, అక్క ఇంట్లో
జనవరి 15, సంక్రాంతి

నాన్నా,

అక్క వాకిట్లో ముగ్గుపిండితో రథం ముగ్గు వేసింది. నీ మనవడు గొబ్బెమ్మలేవని అడుగుతున్నాడు.

ఇక్కడా అదే రకం తగువు నడుస్తోంది. 2024లో లూసియానా, 2025లో టెక్సాస్, ప్రభుత్వ బడుల్లో ప్రతి తరగతి గదిలోనూ బైబిల్ పది ఆజ్ఞల పటం పెట్టాలని చట్టం చేశాయి. టెక్సాస్‌లో పటం కొలత కూడా చట్టంలోనే రాశారు: కనీసం 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు. కోర్టుకెళ్లిన తల్లిదండ్రుల్లో యూదులు, క్రైస్తవులు, హిందువులు, ఏ మతమూ లేనివాళ్లూ ఉన్నారు. కొన్ని చోట్ల కింది కోర్టులు ఆపాయి. ఆ వ్యాజ్యాలూ న్యూ ఆర్లీన్స్‌కే చేరాయి. 1980లోనే కెంటకీ చట్టం ఇలాంటిదే వస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. తేలిన తగువునే మళ్లీ తిరగతోడుతున్నారు. ఖర్చు జనానిది, భయం పంతుళ్లది.

మన దగ్గరా ఒకప్పుడు నిజాం ఏలుబడిలో సభ పెట్టాలన్నా అనుమతి అడగాల్సిందేనని తాతయ్య చెప్పేవాడు. హైదరాబాదులో 1901లోనే శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం తలుపు తెరిచినవాళ్లకు ఏ కోర్టు రక్షణ ఉంది? వాళ్లకున్నది మనుషులే.

రెండు రాత్రులుగా నిద్ర పట్టక ఆలోచిస్తే నాకు అర్థమైందిది. ఆ సాయంత్రం నీ వెనక ఒక నియమం ఉంది, దాని మీద వేలుపెట్టి మాట్లాడగలిగావు. లానోలో ఆ నియమాన్నే లాగేశారు. ఇక మిగిలింది, తీయనని చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్న ఆమె, కోర్టుకెక్కిన ఆ ఏడుగురు, గ్రంథాలయం మూయొద్దని సమావేశానికి వచ్చిన జనం. కౌంటీ పాలకులు ఓట్లతో వచ్చినవాళ్లే. ఆ నియమం మళ్లీ రావాలంటే అక్కడినుంచే రావాలి. అక్కకు, బావకు ఇక్కడ ఓటుంది. రాత్రి భోజనాల దగ్గర ఈ మాటే చెప్పాను. బడి బోర్డు ఎన్నికలప్పుడు ఎప్పుడూ వెళ్లలేదని, ఈసారి వెళ్తామని అక్క అంది.

‘కాస్ట్’ ఒక ప్రతి కొన్నాను. వచ్చాక నీ పాత గ్రంథాలయానికి ఇద్దాం. నమోదు పుస్తకంలో సంఖ్య మాత్రం నల్ల సిరాతో నువ్వే రాయాలి, వాళ్లను అడుగుతాను.

నీ బిడ్డ