బెల్లం వండేవాడి నాలుక

ఈసారి పురుగుమందు గురించి కాదు, బెల్లం ధర గురించీ కాదు. నా నాలుక గురించి రాస్తున్నాను. నవ్వుకున్నా ఫర్వాలేదు, చివరిదాకా చదవండి.

పోయినేడు సంక్రాంతి ముందు చెరకు మోడు గుచ్చుకుని కాలికి పుండు పడింది. ఎప్పుడూ వారంలో మానిపోయేది, నెల దాటినా మానలేదు. రక్తపరీక్ష చేయిస్తే షుగరు అన్నారు. తీపి మానేస్తానని ఇంట్లో మాట ఇచ్చాను. మూడో రోజే గానుగ దగ్గర పెనం అంచు గోకి వేడి బెల్లం తింటూ మా ఆవిడకి దొరికిపోయాను. ఆవిడ తిట్టలేదు. "బీడీలు మానలేనోళ్లకి ఊరంతా నీతులు చెప్తారు కదండీ" అంది, అంతే. ఆ మాట పుండు కన్నా ఎక్కువ నొప్పెట్టింది.

మరి తీపి కూడా బీడీ, సారాలాగా వ్యసనమేనా? ఈమధ్య దీని గురించే చదివాను. డాక్టర్లలో ఇంకా ఒక్క మాట లేదు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం వేసిన జబ్బుల పుస్తకంలో సారా, పొగాకు ఉన్నాయి, పంచదార లేదు. అయితే తీపి తిన్నప్పుడు మెదడులో డోపమైన్ అనేది ఊరుతుంది. మత్తు పదార్థాలు పట్టే దారీ అదే, కాకపోతే వాటి దెబ్బ చాలా గట్టిది.

ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో ఎలుకల మీద చేసిన పరీక్ష ఒకటుంది. కొన్ని ఎలుకల్ని రోజూ 12 గంటలు పస్తు ఉంచి, తర్వాత మేతతోపాటు తీపి నీళ్లు పెట్టారు. కొన్నాళ్లకి అవి తీపి మీద ఎగబడ్డాయి. ఆపేస్తే పళ్లు కొరుకుతూ వణికాయి. మేత, తీపి ఎప్పుడూ అందుబాటులో ఉన్న ఎలుకలు అలా తయారవలేదు. ఎలుక మనిషి కాదు, నిజమే. కానీ నాకు నా రోజు గుర్తొచ్చింది.

తెల్లారుజామున 4కి ఖాళీ కడుపుతో మోటారు వేయడానికి పోతాం. రాగానే టీ. కూలీలతో ఇంకో టీ. పది దాటాక చద్దన్నం, మూడింటికి భోజనం. మధ్యలో ఆకలేసినప్పుడల్లా మళ్లీ టీ. లెక్కపెడితే రోజుకి ఏడు, ఒక్కోదానికి రెండు చెంచాలు. చెంచా 5 గ్రాములు వేసుకున్నా 70 గ్రాములు, నెలకి రెండు కిలోల పైమాటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 50 గ్రాముల లోపు, వీలైతే 25 అంటోంది. నేను తీపి పిచ్చి అనుకున్నదాంట్లో సగం ఆకలేనండీ.

అందుకని ముందు కడుపు చూసుకున్నాను. టీ కన్నా ముందు మజ్జిగ కలిపిన చోడి అంబలి ఒక గ్లాసు. పొలానికి ఉడకబెట్టిన శనగలు. టీలో పంచదార ఒక్కసారి మానలేదు, వారానికి పావు చెంచా చొప్పున తగ్గించాను. మొదటి వారం ఊరికే చిరాకు, కూలీల మీద అరిచాను కూడా. రెండు నెలలు దాటేసరికి హోటల్ టీ తాగలేకపోయాను, అంత తీపిగా అనిపించింది.

ఇంకో మాట. నేను అనకాపల్లి మార్కెట్‌కి దిమ్మలు పంపి బతికేవాణ్ణి. అయినా చెప్తున్నాను, షుగరున్నోళ్లకి "బెల్లమైతే ఏం కాదు" అని చెప్పకండి. ఇనుము కాస్త ఉంటే ఉండొచ్చు, కానీ అందులో ఎక్కువ భాగం పంచదారలో ఉన్న తీపే. రక్తంలో షుగరు దాంతోనూ పెరుగుతుంది.

అలాగని తీపి తిన్నోళ్లకే షుగరు వస్తుందనీ కాదు. వంశం, బరువు, వయసు అన్నీ కలుస్తాయి. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవాళ్లకి ఎండలో చెమటలు పట్టి వణుకు వస్తే మాత్రం ఈ పోస్టు మర్చిపోయి వెంటనే గ్లాసుడు పంచదార నీళ్లు ఇవ్వండి.

పుండు మందులతో మానింది. నాలుక ఇంకా పూర్తిగా మానలేదు. పాకం వాసన వస్తే కాళ్లు అటే లాగుతున్నాయి. అందుకే ఈ ఏడు పెనం దగ్గర మా ఆవిడ నిలబడుతోంది, నేను గానుగకి చెరకు అందిస్తున్నాను.

రేపు ఒక్కరోజు మీ టీలూ, చెంచాలూ లెక్కపెట్టి చూడండి. అందులో ఎన్ని ఆకలేసి తాగారో కూడా రాసుకోండి.